టకటకా? దబదబా?

మొన్న సార్వా దమ్ములో మా రెండు సిలిండర్ల పాత ట్రాక్టర్ ఇంజిన్‌లో చప్పుడు మొదలైంది. పొలం యెదుర్లంకలో, ఇల్లు యానాంలో. నాన్న ‘టకటక’ అన్నారు. కారైక్కాల్‌లో పుట్టిన అమ్మ తమిళంలో ‘డమ్ డమ్’ అంది. క్లాసులో చదివిన ధ్వన్యనుకరణ పదాలకి ఇంత విలువుందని అప్పుడే తెలిసింది.

మెకానిక్ బాబాయ్ పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నారు. పైనుంచి తేలిగ్గా టకటకమంటే వాల్వుల సందు పెరిగినట్టు. కిందనుంచి బరువుగా దబదబమంటూ, లోడు పడేకొద్దీ పెరిగితే బేరింగులని అనుమానించాలి.

తర్వాత ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేశారు. అప్పుడు ఆ సిలిండర్ మండదు, దాని రాడ్ మీద బరువు తగ్గుతుంది. రెండోదానికి చప్పుడు తగ్గింది. దోషం అక్కడే! (చిమ్మే డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, చెయ్యి అడ్డం పెట్టకండి.)

“రెండ్రోజుల్లో దమ్ము అయిపోద్ది, నడుపుదాం” అన్నారు నాన్న.

“రాడ్ విరిగితే బ్లాకుకే చిల్లు పడుద్ది” అన్నారు బాబాయ్.

నాన్న ఆపేశారు. సంప్ విప్పితే బేరింగ్ అరిగి రాగిరంగు తేలింది. మైక్రోమీటర్‌తో కొలిస్తే క్రాంక్ పిన్ గుండ్రంగా లేదు. దాన్ని గ్రైండింగ్ చేయించి, 0.25 మి.మీ. అండర్‌సైజు బేరింగులు వేశారు. అద్దె ట్రాక్టర్‌కీ, రిపేరుకీ నా ల్యాప్‌టాప్ డబ్బులు పోయాయి. ఇంజిన్ మాత్రం మిగిలింది.

అమ్మ చెవే గెలిచింది. ఏ భాషలోనైనా సరే, చప్పుడుకి సరైన మాట దొరికితే సగం రిపేరు అయినట్టే.