రాయలసీమ నాణెములపై అసాధారణ చిహ్నములు - కారణ నిర్ణయము

ప్రస్తావన

టంకశాలను వీడిన నాణెము పరిశోధకుని చేరులోగా అనేకుల చేతులు మారును. రాజముద్రతో సంబంధము లేని చుక్కలు, నెలవంకలు, గాట్లు, రంధ్రములు, మచ్చలు ఆ ప్రయాణమున దానిపై చేరును. ఇట్టి గురుతును ఒకరు రాజలాంఛనమనియు, మరియొకరు శత్రువుల ధ్వంసకృత్యమనియు భావించుట కలదు. కారణము పొరపాటుగా గ్రహింపబడినచో నాణెము కాలమును, దానిని ముద్రించిన వంశమును కూడ పొరపాటుగానే నిర్ణయింపబడును. కర్నూలు, కడప ప్రాంతముల చరిత్రకు నాణెము ముఖ్యాధారము కావున ఈ విషయము విచారణీయము.

శాస్త్రగ్రంథముల సాక్ష్యము

పాణిని అష్టాధ్యాయి పంచమాధ్యాయమున 'ఆహతము' అను అర్థమున రూపశబ్దము నుండి 'రూప్య' శబ్దమును సాధించెను. కౌటిల్యుని అర్థశాస్త్రము ద్వితీయాధికరణమున నాణెములను ముద్రింపించు లక్షణాధ్యక్షుని, వానిని పరీక్షించు రూపదర్శకుని వేర్వేరుగా పేర్కొన్నది. 5వ శతాబ్దికి చెందిన బుద్ధఘోషుని విశుద్ధిమగ్గమున నాణెముల రాశిని చూచిన బాలుడు, గ్రామీణుడు, నాణెముల వర్తకుడు అను మువ్వురి దృష్టాంతము కలదు. బాలునికి వన్నె, ఆకారము మాత్రమే తెలియును. గ్రామీణునికి విలువ తెలియును. వర్తకుడు మాత్రము చూపు, ధ్వని, వాసన, రుచి, బరువులచే అది ఎచట ఎవరిచే చేయబడినదో కూడ గ్రహించును. నేటి పరిశోధకునికి కావలసినది ఈ మూడవ దృష్టియే.

ముద్రణ దోషములు

గురుతు ఉబ్బెత్తుగా నున్నదా, పల్లముగా నున్నదా అనునది ప్రథమ ప్రశ్న. అచ్చు పగిలినచో ఆ పగులులోనికి లోహము చొచ్చి నాణెముపై ఉబ్బెత్తు గీతగా నిలుచును. ఒకే అచ్చున ముద్రితమైన ఇతర నాణెములపైనను ఆ గీత అదే స్థానమున కనబడును. తరువాత పడిన దెబ్బ పల్లముగా నుండి, ఆ ఒక్క నాణెమునకే పరిమితమగును. అక్షరములు జంటగా కనబడినచో రెండుమారులు కొట్టుట కారణము. అంచున చీలికలు సమ్మెటపోటుకు లోహము విచ్చుటచే కలుగును. బిళ్ల అచ్చుకంటె చిన్నదైనచో లేఖనము కొంత లోపించును. ఇవన్నియు టంకశాలలోని దోషములే.

సరాబుల ముద్రలు

ఈ సీమలో విశేషముగా గమనింపదగినవి సరాబుల ముద్రలు. 18వ శతాబ్దిన ఇచట అనేక ప్రభుత్వముల నాణెములు కలిసి చెలామణియైనవి. ఆదోని 'ఇంతియాజ్‌గఢ్' అను పేర మొగలుల టంకశాలగా ఉండెను. పొరుగుననున్న గుత్తి టిప్పు సుల్తాను కాలమున 'ఫైజ్ హిసార్' అయ్యెను. కడప నవాబుల రాజ్యము 1779లో హైదరాలీ వశమయ్యెను. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. ఇన్ని విధముల వరహాలు, రూపాయలు సంతకు వచ్చుచుండగా సరాబు ప్రతిదానిని తూచి, గీటురాయిపై గీచి, మేలిదని తేలినదానిపై తన చిన్న ముద్ర వేయుట వాడుకయయ్యెను.

ఈ ముద్రలు పల్లముగా, చిన్నవిగా నుండును. రాజలేఖనమును లెక్కింపక అక్షరములపైననే పడును. నాణెము నాణెమునకు స్థానము మారును. ముద్రలు మిక్కుటముగా నున్న నాణెము పలువురు సరాబుల చేతులు దాటినదని ఊహింపవచ్చును. ముద్ర లేనంత మాత్రమున నాణెము కూటమని తలచుట తగదు. 1835 నుండి కంపెనీ ఏకరూపమైన యంత్రముద్రిత రూపాయను ప్రవేశపెట్టిన పిదప ఈ ముద్రల అవసరము క్రమముగా తగ్గెను. ప్రాచీన ఆహత నాణెముల వెనుకవైపున గల సూక్ష్మచిహ్నములను కూడ కొందరు విద్వాంసులు ఇట్టి పరీక్షా ముద్రలుగానే తలచిరి. అది నేటికిని వివాదాస్పదము.

గాట్లు, రంధ్రములు

దక్షిణదేశమున లభించిన రోమను నాణెములు కొన్నింటిపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలిగాటు కలదు. తమిళదేశపు పుదుక్కోటలో 1898లో దొరికిన 501 బంగారు నాణెములలో అత్యధికము ఇట్టివే. లోపల హీనలోహము కలదేమోయని పరీక్షించుటకని కొందరును, చెలామణి నుండి తొలగించుటకని కొందరును కారణము చెప్పిరి. గాటు ఎల్లప్పుడును ముఖముపైననే పడినచో పరీక్షామాత్రమని చెప్పుట కష్టము. పరీక్షకు ఏ స్థానమైనను చాలును. రంధ్రములు, అతుకుజాడలు మాత్రము కాసులపేరు వంటి ఆభరణములందు కూర్చుటచే కలిగినవి.

మట్టిలోని మార్పులు

వెండిపై నలుపు గంధక సంయోగముచేతను, బూడిదవన్నె పెచ్చు ఉప్పునేలల క్లోరైడు చేతను, రాగిపై పచ్చదనము తేమ, గాలుల చేతను కలుగును. ఈ పొరయే కాలనిర్ణయమునకు సాక్షి. పొర గాటులోనికి కూడ వ్యాపించినచో గాటు పూడ్చుటకు పూర్వము పడినది. గాటులో లోహము మెరయుచున్నచో గడ్డపార దెబ్బయో, అమ్మకందారు ఆకురాయి గీతయో అని సందేహింపవలెను. చింతపండుతోనో నిమ్మరసముతోనో తోమిన నాణెమున ఈ సాక్ష్యము శాశ్వతముగా నశించును.

ఉపసంహారము

ఉబ్బెత్తు పల్లముల భేదము, అదే అచ్చున పుట్టిన నాణెములతో పోలిక, లేఖనముతో గురుతునకు గల సంబంధము, పొర వ్యాప్తి అను నాలుగింటిని ఈ క్రమమున పరిశీలించిన పిమ్మటనే కారణమును నిర్ణయింపవలెను. పొలమున దొరికిన నిధిని 1878 నాటి నిక్షేప చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపుటయు, దానిని కడుగక, విడదీయక అప్పగించుటయు ఈ పరిశీలనకు మొదటి మెట్టు. తోమి మెరిపించిన నాణెము కంటికింపుగా నుండవచ్చును గాని, తన చరిత్రను చెప్పజాలదు.