మదురై, కోయంబత్తూరు తెలుగుపై పీహెచ్‌డీ: ఫెలోషిప్ ఎంత? గడువు ఎంత?

మదురై నాయకుల పాలన: 1529–1736. విజయరంగ చొక్కనాథుని (1706–1732) ఆస్థానంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో రాశాడు. మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో ఇంట తెలుగు, బడిలో తమిళంగా తరాలు గడిపిన కుటుంబాలు ఎన్నో. ఆ సాహిత్యం, ఆ మాండలికం పరిశోధనకు తరగని గని.

విశ్వవిద్యాలయాలు (స్థాపించిన ఏడాది): మదురై కామరాజ్ – 1966. భారతియార్ (కోయంబత్తూరు) – 1982.

యూజీసీ నెట్ ఫెలోషిప్: 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు రూ.37,000 (2 ఏళ్లు), ఆపై ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రూ.42,000 (3 ఏళ్లు). ఇంటి అద్దె భత్యం అదనం.

పీహెచ్‌డీ గడువు (యూజీసీ నిబంధనలు, 2022): కనిష్ఠం 3, గరిష్ఠం 6 ఏళ్లు. పునర్నమోదుతో మరో 2. మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి ఇంకో 2; మొత్తం 10 మించరాదు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు.

గుర్తించండి: ఫెలోషిప్ 5 ఏళ్లకే ఆగుతుంది, గడువు 6 ఏళ్లు. తాళపత్రాలు చదివి, ఊరూరా పలుకుబడులు సేకరించే విద్యార్థికి సిద్ధాంత గ్రంథం ముగించే ఆ చివరి ఏడాదే గడ్డుకాలం. అప్పుడే ఆసరా అత్యవసరం.

పీహెచ్‌డీ ఫెలోషిప్‌లిచ్చే మండళ్లు (స్థాపించిన ఏడాది): ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాలు) – 1969. ఐసీహెచ్‌ఆర్ (చరిత్ర) – 1972.

తరచూ అడిగేవి: తెలుగుకు ప్రాచీన హోదా – 2008. మాతృభాషలో ప్రాథమిక బోధన – 350ఎ అధికరణ. భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారి – 350బి. ఈ రెండింటినీ చేర్చింది 7వ సవరణ, 1956.