పొగ అలారానికి సంచి తొడగకండి

కిందటి చలికాలం జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఒక తెలుగు కుర్రాడు భోజనానికి పిలిచాడు. యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నాడు. ఉండేది ఒకే గది. ఒక మూల మంచం, ఇంకో మూల పొయ్యి. పప్పు, బంగాళదుంప వేపుడు, అమ్మ పంపిన గోంగూర పచ్చడి అన్నీ బాగున్నాయి. తిన్నాక తల పైకెత్తి చూస్తే కప్పుకి బిగించిన పొగ అలారం కనిపించింది. దానికి ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"పోపు వేసినప్పుడల్లా మోగుతోందండీ. పక్క గదివాళ్లు వచ్చి తలుపు కొడుతున్నారు" అన్నాడు. ఎన్నాళ్లైందని అడిగాను. గదిలో దిగిన వారం నుంచీ అన్నాడు. అప్పటికి ఏడాదిన్నర. అన్ని రాత్రులూ అతను ఆ సంచి కిందే నిద్రపోయాడు.

ఆ ఊరున్న బవేరియా రాష్ట్రంలో కొత్తగా కట్టే ఇళ్లకు 2013 నుంచి పొగ అలారం తప్పనిసరి. పాత ఇళ్లకు 2017 చివరి దాకా గడువిచ్చారు. పడకగదుల్లో, పిల్లల గదుల్లో, అక్కడి నుంచి బయటికి వెళ్లే నడవలో అది ఉండి తీరాలి. పడకగదికే ఎందుకంటే నిద్రలో మన ముక్కు పనిచేయదు. పొగ వాసనకి మెలకువ వస్తుందని చాలామంది అనుకుంటారు, రాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్రను ఇంకా మత్తుగా మారుస్తుంది. మంట మంచం దాకా రాకముందే మనిషి పోతాడు. చెవి మాత్రం నిద్రలోనూ పనిచేస్తుంది. ఆ చెవి కోసం పెట్టిన పరికరం అది.

ఆ కుర్రాడు తెలివితక్కువవాడు కాదు. రోజూ విసిగించే చిన్న ఇబ్బంది వదిలించుకోవడానికి, ఎప్పుడో రాబోయే పెద్ద ప్రమాదానికి దారి ఇవ్వడం అందరం చేసే పనే. వ్యక్తిత్వ వికాసం అనగానే లక్ష్యాలు, సమయపాలన, వేదిక మీద మాట్లాడటం గురించి చెప్పుకుంటాం. చెడ్డ రోజు వస్తే ఏం చేయాలో మంచి రోజున ఒకసారి ఆలోచించి పెట్టుకోవడం కూడా వ్యక్తిత్వమే. నన్నడిగితే, మిగతావాటికన్నా ముందు నేర్చుకోవాల్సింది ఇదే. ఆ రాత్రి వెళ్లేముందు కుర్చీ ఎక్కించి సంచి తీయించాను. అలారం మోగకుండా ఉండాలంటే పోపుకి ముందే కిటికీ తెరవాలి, చిమ్నీ వేయాలి, ఆవాలు చిటపటమనగానే మూత పెట్టాలి. అప్పటికీ మోగితే, అలారాన్ని పొయ్యికి దూరంగా మార్చమని ఇంటి ఓనరుని అడగాలి. అడిగితే పోయేదేం లేదు.

పొయ్యి దగ్గర ఉండగానే ఇంకో మాట. గారెలు వేస్తుండగా ఫోన్ మోగింది, పక్క గదిలోకి వెళ్లారు, తిరిగి వచ్చేసరికి నూనె అంటుకుంది. చేయి తనంతట తానే నీళ్ల కుళాయి వైపు వెళుతుంది. వెళ్లకూడదు. కాగిన నూనెలో పడిన నీరు నూనెకన్నా బరువు కాబట్టి అడుగుకి దిగుతుంది, దిగీ దిగగానే ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు వ్యాకోచిస్తుంది. ఆ ఆవిరి మండుతున్న నూనెను కప్పు దాకా విసిరికొడుతుంది. చేయాల్సింది ఇంతే: పొయ్యి ఆపి, మూతను పక్కనుంచి జరుపుతూ బాణలిని కప్పేసి, చల్లారేదాకా మూత తీయకుండా వదిలేయడం. బాణలిని ఎత్తి బాల్కనీకి పరుగెత్తవద్దు. ఇప్పుడే వెళ్లి మీ పెద్ద బాణలికి సరిపోయే మూత ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో ఉండదు.

ఎర్లాంగెన్‌కి మంటలు కొత్త కాదు. 1706 ఆగస్టు 14న ఇక్కడి పాత ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. దాని పక్కనే, ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన హ్యూగెనో ప్రొటెస్టెంట్ల కోసం 1686లో మొదలుపెట్టిన కొత్త ఊరు తిన్నని వీధులతో ఉండేది. పాత ఊరిని తిరిగి కట్టినప్పుడు అక్కడా అలాగే తిన్నని వీధులు వేశారు. ఇవాళ ప్రధాన వీధి హౌప్ట్‌స్ట్రాసే మీద నడుస్తూ మనం మెచ్చుకునే తీరులో కొంత ఆ మంట నేర్పిన పాఠమే.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. ఊరి నుంచి అమ్మా నాన్నా మూడు నెలలు ఉండటానికి వస్తారు. మీరిద్దరూ ఆఫీసుకి వెళతారు. వాళ్లు పసిబిడ్డతో ఇంట్లో ఉంటారు. మధ్యాహ్నం పన్నెండింటికి నాన్నకి గుండెలో నొప్పి వస్తే? అమ్మకి గుర్తున్న నంబరు 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ నంబరు ఇరవై ఏళ్లలో మన జనానికి వేలిచివర నిలిచిపోయింది. ఇక్కడ అది పనికిరాదు, 112 కొట్టాలి. ముందు ఆవిడ మీకే ఫోన్ చేస్తుంది. మీరు మీటింగ్‌లో ఉంటారు.

మా అమ్మ వచ్చినప్పుడు ఒక ఆదివారం దీనికే కేటాయించాం. ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో రాసి అంటించాం. పైన 112. దాని కింద "ఇష్ బ్రౌఖె హిల్ఫె", అంటే నాకు సాయం కావాలి. దాని కింద వీధి పేరు, ఇంటి నంబరు, ఎర్లాంగెన్. ఆఖరున బెల్ మీది పేరు. ఇక్కడి అపార్ట్‌మెంట్లకి మన దగ్గరలా ఫ్లాట్ నంబర్లు సాధారణంగా ఉండవు, కింద గుమ్మం దగ్గర వరసగా బెల్లులు, వాటి పక్కన ఇంటిపేర్లు ఉంటాయి. అంబులెన్సు వాళ్లు ఆ పేరు చూసే బెల్ నొక్కుతారు. సబ్‌లెట్‌లో ఉంటున్న కుర్రాళ్లు ఎంతమంది బెల్ మీద పాత అద్దెదారు పేరే వదిలేశారో! అల్లుడి ఇంట్లో ఉన్న అత్తగారు కంగారులో తన ఇంటిపేరు చెబితే ఏమవుతుందో ఊహించండి. అమ్మ ఆ కాగితం చూసి మొదటిసారి గొణిగినట్టు చదివింది. రెండోసారి గట్టిగా చదివింది. మూడోసారి కాగితం చూడకుండా చెప్పింది. చెప్పాక ఆవిడ ముఖంలో కనిపించిన ధీమా నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటిదాకా ఈ దేశంలో తను ఎవరి మీదో ఆధారపడిన మనిషినని అనుకుంటూ ఉండేది.

అదే తలుపు మీద అమ్మానాన్నల మందుల పట్టీ కూడా పెట్టండి. మన ఊరి బ్రాండు పేర్లు ఇక్కడి డాక్టరుకి అర్థం కావు. స్ట్రిప్పు వెనక సన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, మోతాదు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. ప్రాణం మీదికి రాని జబ్బుకి రాత్రిపూట డాక్టరు కావాలంటే 116117.

కరెంటు పోతే? ఇక్కడ పోదు అనేవాళ్లకి 2005 నవంబరు చెప్పాలి. జర్మనీలోనే మ్యూన్‌స్టర్‌లాండ్ ప్రాంతంలో తడిమంచు బరువుకి విద్యుత్ స్తంభాలు వంగి కూలాయి. దాదాపు రెండున్నర లక్షల మంది, కొందరు రోజుల తరబడి, చీకట్లో ఉన్నారు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలకు దేశాలే పట్టపగలు కరెంటు లేక ఆగిపోయాయి.

సరుకుల విషయంలో మనకి ధైర్యం ఎక్కువ. పది కిలోల సోనామసూరి బస్తా, కందిపప్పు, చింతపండు, రెండు రకాల ఆవకాయ ఉన్నాయి కదా అనుకుంటాం. కానీ ఇక్కడి పొయ్యిలు చాలావరకు కరెంటువి. కరెంటు లేనిరోజున ఆ బియ్యం, పప్పు రాళ్లతో సమానం. వండకుండా తినగలిగేవి వేరుగా పెట్టుకోవాలి. అందులో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అటుకులు చన్నీళ్లలో నానితే చాలు, బెల్లం కలిపితే పూట గడుస్తుంది. సద్దుల బతుకమ్మకి చేసుకునే సత్తుపిండి, వేరుశెనగ ఉండలు, మరమరాలు, ఖర్జూరాలు. పొలానికి, తీర్థానికి, దూరప్రయాణానికి మన పెద్దవాళ్లు మూటకట్టుకున్నవన్నీ ఇందుకు పనికొచ్చేవే. ఒక్క హెచ్చరిక మాత్రం మరిచిపోవద్దు. కరెంటు లేదని బొగ్గుల కుంపటో గ్రిల్లో గదిలో వెలిగించవద్దు. వాసన లేని అదే కార్బన్ మోనాక్సైడ్ మూసిన కిటికీల మధ్య ఇంటిల్లిపాదినీ తీసుకుపోతుంది.

నీళ్లకి లెక్క కావాలి. ఇక్కడి పౌరరక్షణ, విపత్తు సహాయ సంస్థ బీబీకే మనిషికి రోజుకి రెండు లీటర్లు, పది రోజులకు సరిపడా పెట్టుకోమంటుంది. నలుగురికి 80 లీటర్లు. చిన్న ఇంట్లో అంత కష్టం అనిపిస్తే మూడు రోజులతో మొదలుపెట్టండి. 24 లీటర్లంటే లీటరున్నర సీసాలు పదహారు, మంచం కింద పట్టేస్తాయి. ఈ వారం ఆరు, వచ్చే వారం ఆరు, ఆ పై వారం మిగతావి తెచ్చుకోండి. వాడుతూ, వాడిన చోట కొత్తవి పెడుతూ ఉంటే పాడవవు. వాటి పక్కనే టార్చి, చిల్లర నోట్లు, బ్యాటరీ రేడియో ఉంచండి. ఎంపీ3 పుట్టిన ఫ్రౌన్‌హోఫర్ ఐఐఎస్ ఈ ఊళ్లోదే, డిజిటల్ రేడియోలో అత్యవసర హెచ్చరికల మీద కూడా పనిచేసింది. టవర్లు పడిపోయాక రేడియోయే దిక్కని వాళ్లకి తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక విశాఖవాసులకీ తెలిసింది. సెల్‌ఫోన్లు మూగబోయి, ఏటీఎంలు మూతపడి, నగరమంతా పాలప్యాకెట్టు కోసం, మంచినీళ్ల కోసం తిరిగింది.

ఆ తుపాను గురించి ఇంకో సంగతి చెప్పుకోవాలి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. హుద్‌హుద్‌లో ఆంధ్రలో ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. రెండు తుపానులూ ఒకటి కావు, నిజమే. కానీ నడుమ ఉపగ్రహాలు, తుపాను షెల్టర్లు, ముందే ఊళ్లు ఖాళీ చేయించే అలవాటు వచ్చాయి. సిద్ధపడటం వల్ల ఏం ఒరుగుతుందని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ లెక్కే.

కదలమన్నప్పుడు కదలడం కూడా అభ్యాసమే. నూరెంబెర్గ్ చుట్టుపక్కల పునాదులు తవ్వుతుంటే రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబులు ఇప్పటికీ బయటపడుతుంటాయి. చుట్టూ ఇళ్లు ఖాళీ చేయిస్తారు. పాస్‌పోర్టులు, రెసిడెన్స్ పర్మిట్, మందులు, బిడ్డకి పాలపొడి, ఒక జత బట్టలు, ఛార్జర్ ఒకే సంచిలో తలుపు పక్కన ఉన్నవాళ్లు రెండు నిమిషాల్లో బయట ఉంటారు.

2021 జులై 14 రాత్రి పశ్చిమ జర్మనీలోని ఆర్ లోయలో వరద వచ్చింది. దేశం మొత్తం మీద 180 మందికి పైగా పోయారు. జింట్‌సిగ్ పట్టణంలో వికలాంగుల వసతిగృహంలోనే పన్నెండు మంది మునిగిపోయారు. వాన గురించి ముందే తెలుసు, హెచ్చరిక మాత్రం అందాల్సినవాళ్లకి అందాల్సిన వేళకి అందలేదు. ఆ తర్వాతే, 2023 ఫిబ్రవరి నుంచి, ఏ యాప్ లేకపోయినా ఆ ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ వచ్చింది. కుండపోత వానలో నేలమాళిగలోకి దిగకండి, అక్కడ వాషింగ్ మెషీన్ ఉన్నా, సైకిల్ ఉన్నా. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. తక్కువ అద్దెకని నేలమాళిగ గదుల్లో ఉండే విద్యార్థులకి ఈ మాట నేను కలిసినప్పుడల్లా చెబుతాను.

ఇక ప్రపంచాన్నే కుదిపే ముప్పులు. అణుయుద్ధం, మరో మహమ్మారి, చేయి దాటిన కృత్రిమ మేధ, మహా అగ్నిపర్వతం. ఇవి ఊహలని కొట్టిపారేయకండి. 1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో టాంబోరా అగ్నిపర్వతం పేలింది. మరుసటి ఏడాది ఐరోపాకి వేసవి రాలేదు, దక్షిణ జర్మనీలో పంటలు పోయి జనం ఆకలితో అల్లాడారు. ఎక్కడో పేలిన కొండ తమ రొట్టెముక్కను లాక్కుందని వాళ్లకి తెలియనే తెలియదు. 1986లో చెర్నోబిల్ అణుప్రమాదపు మేఘం బవేరియా మీద వానై కురిసింది, ఇక్కడి అడవిపంది మాంసంలో రేడియోధార్మిక సీజియం ఎంతుందో ఇప్పటికీ కొలుస్తున్నారు. ఈ వందేళ్లలో మానవజాతి భవిష్యత్తునే చెరిపేసే విపత్తు వచ్చే అవకాశం ఆరింట ఒకటని ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త టోబీ ఓర్డ్ 2020లో తన పుస్తకంలో అంచనా వేశాడు. అది తన అంచనాయే తప్ప కొలిచి చెప్పిన లెక్క కాదని ఆయనే అంటాడు.

మంచం కింది పదహారు సీసాలు వీటిని ఆపలేవు. అలాగని రాత్రి పడుకునేముందు ఫోన్‌లో ఇవే చదువుతూ నిద్ర పాడుచేసుకుంటే ఎవరికి లాభం? ఒకటి ఎంచుకోండి. మీరు జీవసాంకేతికం చదువుతుంటే మహమ్మారులను ముందే పసిగట్టే పని ఉంది. విద్యుత్ ఇంజినీరైతే కుప్పకూలని గ్రిడ్ పని ఉంది. ఇవేవీ కాకపోతే మీ పేట అగ్నిమాపక దళం గుమ్మం తొక్కండి. జర్మనీలో మంటలార్పేవాళ్లలో దాదాపు పది లక్షల మంది జీతం లేని స్వచ్ఛంద సేవకులే. బేకరీలో రొట్టె అమ్మే ఆవిడ, సీమెన్స్‌లో మీ పక్క డెస్కు మనిషి రాత్రి రెండింటికి లేచి వెళతారు. వాళ్లతో ఒక సాయంత్రం గడిపితే పొరుగువాళ్ల పేర్లు తెలుస్తాయి. కరెంటు లేని రాత్రి మనకి మొదట కావాల్సింది ఆ పేర్లే.

ఏటా సెప్టెంబరు రెండో గురువారం ఉదయం 11 గంటలకు జర్మనీ అంతటా ఫోన్లు ఒక్కసారిగా కేక పెడతాయి. అది హెచ్చరికల అభ్యాసదినం. 2020లో మొదటిసారి జరిపినప్పుడు యాప్‌లో హెచ్చరిక ఆలస్యమై దేశమంతా తిట్టిపోసింది. ఆ తిట్ల వల్లే లోపం బయటపడి బాగుపడింది. 11:45కి ప్రమాదం తొలగిందని ప్రకటిస్తారు. నడుమ ఉన్న ఆ ముప్పావు గంటను మా ఇంట్లో పండగలా జరుపుకుంటాం. ఆఫీసులో ఉంటే సాయంత్రం చేస్తాం. పిల్లాడు పొగ అలారం బటన్ నొక్కి చెవులు మూసుకుంటాడు. నేను సీసాల మీద తేదీలు చూస్తాను. ఊళ్లో ఉన్న అమ్మ వీడియో కాల్‌లో, ఈసారి వచ్చేముందే, ఫ్రిజ్ తలుపు మీది నాలుగు వరసలు చూడకుండా అప్పజెబుతుంది. కిందటిసారి బెల్ మీది పేరు దగ్గర తడబడింది. మళ్లీ మొదటి నుంచి చెప్పించాం.