క్షారము: శబ్దార్థము, ప్రయోగము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గృహస్థు మూత్రకృచ్ఛ్రమునకు యవక్షారము వాడుచున్నానని చెప్పి, పొట్లము విప్పి చూపినాడు. అది సురేకారము. "రెండూ ఒకటేనని అంగడిలో చెప్పినారండీ" అన్నాడు. ఒక్క మాటకు అర్థము తెలియకపోవుటచే ఔషధమే మారిపోయినది. కనుక ఈ శబ్దమును కొంత విచారింతము.

'క్షర' ధాతువునకు కారుట, జారుట అని అర్థము. దుష్టమాంసాదులను కరిగించి తొలగించునది క్షారమని సుశ్రుతాచార్యుడు సూత్రస్థానము 11వ అధ్యాయమున వివరించినాడు. మూలికను కాల్చి, ఆ బూడిదను 6 రెట్ల నీటిలో కలిపి, 21 మార్లు వడగట్టి, ఆ నీటిని మరిగించి దీనిని సిద్ధము చేయుదురు. గురుకులమున మేము ఉత్తరేణి బూడిదతో ఈ పని చేయునపుడు, పొరపాటున వ్రేళ్ళకు అంటిన నీరు సబ్బువలె జారుచుండెడిది. అదియే దాని లక్షణమని గురువుగారు చెప్పెడివారు.

ఆధునిక రసాయనశాస్త్రములోని 'ఆల్కలీ' అను పదము కూడ మొక్కల బూడిదను తెలుపు అరబ్బీ పదము నుండియే వచ్చినది. అనగా ఉభయ శాస్త్రములలోను ఈ మాట బూడిదలోనే పుట్టినది. అయితే రసాయనశాస్త్రము పుట్టుకను గాక గుణమును చూచును. ఎర్ర లిట్మసును నీలముగా మార్చి, ఆమ్లముతో కలిసి లవణము నిచ్చునదే దానికి క్షారము. ఆమ్లము తగిలినచో క్షారము తన తీక్ష్ణతను విడుచునని సుశ్రుతుడును చెప్పియున్నాడు.

చిక్కు వచ్చినది అంగడి పేర్లతో. క్షారమునకు తద్భవమైన 'కారము' వెలిగారములోను ఉన్నది, సురేకారములోను ఉన్నది. వెలిగారము, అనగా టంకణము, క్షారగుణము కలదే. యవక్షార, సర్జక్షారములతో దానిని చేర్చి క్షారత్రయ మందురు. సురేకారము మాత్రము పొటాషియం నైట్రేటు. అది బాణసంచాకు, ఎరువులకు పనికివచ్చు లవణమే గాని క్షారము కాదు. యవల మొక్కను కాల్చి తీసిన యవక్షారములో పొటాషియం కార్బొనేటు ఉండును. దాని క్షారగుణము అందువలననే కలుగుచున్నది.

ఈ భేదమును ఇంటిలోనే చూడవచ్చును. పసుపులో సున్నము కలిపిన పారాణి ఎర్రబడుట స్త్రీలందరు ఎరిగినదే. రెండు చెంచాల పసుపు నీటిలో చిటికెడు పొడి వేయుడు. యవక్షారమైనచో నీరు ఎర్రబడును. సురేకారమైనచో పసుపుగనే నిలుచును. మరి కొంత పొడిపై నిమ్మరసము పిండినచో యవక్షారము నురుగులు పొంగును. సురేకారము పొంగదు. వెలిగారము పసుపును ఎర్రబరచును గాని పొంగదు. అయితే ఈ పరీక్ష పొట్లములోనిది వేరొక వస్తువని పట్టించునే గాని దాని శుద్ధిని నిర్ణయింపజాలదు. సర్జక్షారము, వంటసోడా కూడ ఇట్లే పొంగును. కనుక వైద్యుని వలన, నమ్మకమైన ఔషధశాల వలన మాత్రమే గ్రహింపవలెను.

నిజమైన క్షారమైనను మితము తప్పరాదు. పిప్పలి, క్షారము, లవణము అను మూడింటిని అతిగా వాడరాదని చరకుడు విమానస్థానమున హెచ్చరించినాడు. అతిక్షారము కేశములకు, నేత్రములకు, హృదయమునకు, పుంస్త్వమునకు హాని చేయునన్నాడు. మూత్రపిండములు బలహీనమైనచో పొటాషియం రక్తములో నిలిచిపోయి గుండె లయ తప్పునని నేటి వైద్యము చెప్పుచున్నది. కావున మూత్రపిండ వ్యాధి, గుండె జబ్బు, రక్తపుపోటు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడుగక యవక్షారమును ముట్టరాదు.

మరియొక మాట. బట్టసోడా, కాస్టిక్ సోడాలను ఔషధ క్షారములుగా భ్రమింపరాదు. పిల్లలు పొరపాటున కాస్టిక్ సోడా మ్రింగినచో, ఆమ్లము క్షారమును శమింపజేయునను సూత్రమును పట్టుకొని నిమ్మరసము త్రాగింపరాదు. వాంతి చేయింపరాదు. నోరు నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చర్మముపై పడినచో ధారాళమైన నీటితో చాలసేపు కడుగవలెను.

పొట్లముపై వ్రాసిన పేరు ఒకటి, లోపలి వస్తువు వేరొకటి కావచ్చును. పేరుకు అర్థమును, వస్తువుకు గుణమును తెలిసికొనిన పిమ్మటనే ఔషధమును నోటికి చేర్చుడు.