ఆర్చ్ వేసే ముందు

కాకినాడ

కిట్టూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు కంప్యూటర్‌లో ఉన్నదంతా తీసేసి ఇంకేదో వేస్తాడట వదినా, ప్రాజెక్టు గడువేమో దగ్గర పడింది" అని ఒకటే కంగారు. ఆరా తీస్తే లినక్స్ మింట్ తీసేసి ఆర్చ్ లినక్స్ వేస్తావని తేలింది. అదేమీ జబ్బు కాదని ఆవిడకి సర్దిచెప్పాను. నీకు మాత్రం నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మింట్‌లో నీకు ఏ పని కావడం లేదు? దాని రూపం మొహం మొత్తితే కేడీఈ ప్లాస్మా వేసుకో, అందుకు డిస్ట్రో మార్చనక్కర్లేదు. పక్క గది వాళ్లంతా ఆర్చ్ వాడుతున్నారన్నదే కారణమైతే, అదీ తప్పేం కాదురా, సరదా పడే వయసు. కానీ ప్రాజెక్టు ఇచ్చేశాక చెయ్యి. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, తొందరేం లేదు. ఆర్చ్‌కి వెర్షన్లంటూ ఉండవు, ఎప్పటికప్పుడు మొత్తం సిస్టంని కొత్తది చేసుకుంటూ పోవాలి. ఒక్క ప్యాకేజీ కొత్తది తెచ్చుకుని మిగతావి పాతవే ఉంచుతానంటే కుదరదు. అప్‌డేట్ కొట్టే ముందు వాళ్ల సైట్‌లో వార్తలు చూసుకోవాలి. రేపు వైవా అనగా రాత్రి ఆ పని పెట్టుకుంటావా? వాళ్ల వికీ మాత్రం బంగారం. మింట్‌లో ఉన్నవాడికీ పనికొస్తుంది.

ఇక నా అసలు బెంగ తెలుగు. నవ్వకు. తాతయ్య తెలుగు నోటుపుస్తకాలు సగం నీ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి కదా.

ఈ బెంగ పాతదే. 2005లో ఉబుంటు లినక్స్ వాళ్లు అడిగినవాళ్లందరికీ సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవాళ్లు. అంతకుముందు పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీలే మాకు దిక్కు. విదేశీ కవరు చూసి మా పోస్ట్‌మ్యాన్, "సంబంధం ఏమైనా కుదిరిందా అమ్మా" అన్నాడు. లోపల రెండు సీడీలు, ఒకటి ఇన్‌స్టాల్‌కి, ఒకటి ఊరికే పెట్టి చూసుకోవడానికి. ఆ రెండోది పెట్టి బ్రౌజర్‌లో తాతయ్య పేరు చూపించాను. వవత్తు కిందకి దిగకుండా పక్కన నిలబడింది. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఏమే, విశ్ వేరూ, వనాథం వేరూనా? నన్ను రెండు ముక్కలు చేశావే!" అని పడీ పడీ నవ్వారు. నీ నవ్వు అచ్చం ఆయనదేరా. రాత్రుళ్లు మేలుకుంటున్నావట, వేళకి తింటున్నావా?

ఆ రోజులు పోయాయి, నిజమే. అయినా ఆర్చ్‌లో తెలుగు ఫాంట్లు వాటంతటవి రావు. నోటో లాంటి ఫాంట్ల ప్యాకేజీ ఏదీ లేకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనబడతాయి. నీకు అలవాటైన ఆర్‌టీఎస్ కీబోర్డు కావాలంటే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ కూడా వెయ్యాలి. ఆర్చ్ పెన్‌డ్రైవ్ పెడితే వచ్చేది నల్లటి కమాండ్ తెరే, అందులో ఇవన్నీ చూడలేవు. వర్చువల్‌బాక్స్‌లో వేసి చూడు, లేదా ఎండెవర్‌ఓఎస్ లైవ్‌లో చూడు, అదీ ఆర్చ్ మీద కట్టిందే. లైవ్‌లో వైఫై సంగతి కూడా తేలిపోతుంది. లిబ్రే ఆఫీస్‌లో ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ టైపు చెయ్యి. పీడీఎఫ్ చేసి, అందులోంచి కాపీ తీసి వేరే చోట అతికించి చూడు. ఫైళ్లకి తెలుగు పేర్లు పెట్టి తెరువు. టెర్మినల్‌లో తెలుగు ఎలాగూ వంకరగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకు. ‘జ్యోత్స్న’ నిలిచిందంటే నాకిక అభ్యంతరం లేదు. గ్రాఫిక్స్ కార్డు గొడవ నువ్వే చూసుకో, అది నాకంటే నీకే బాగా తెలుసు.

టైంషిఫ్ట్ బ్యాకప్ ఉందిలే అని ధీమాగా ఉండకు. నువ్వు ప్రత్యేకంగా చెబితే తప్ప అది సిస్టం ఫైళ్లనే దాస్తుంది, నీ హోం ఫోల్డర్ జోలికి పోదు. నోటుపుస్తకాల ఫోల్డర్, ప్రాజెక్టు, మీ అమ్మ ఫొటోలు ముందు వేరే డిస్కులోకి ఎక్కించి, అక్కడ తెరిచి చూసుకున్నాకే ఏదైనా చెరుపు. డిస్కుకి డబ్బు మీ నాన్నకి పంపాను. నీకే నేరుగా పంపితే బిర్యానీ అయిపోతుందని.

మీ అత్తయ్య