విడాకులు లేకుండానే భరణం

ప్రశ్న: నాలుగేళ్ల పాపతో రెండేళ్లుగా పుట్టింట్లో ఉంటున్నాను. భర్త పైసా పంపడం లేదు. విడాకులు తీసుకుంటేనే భరణం వస్తుందా? లాయరును పెట్టుకునే స్తోమత లేదు.
– ఒక సోదరి

జవాబు: భరణానికి విడాకులతో పని లేదు. స్తోమత ఉండీ భర్త పట్టించుకోకపోతే, సొంతంగా బతికే ఆదాయం లేని భార్య తనకూ బిడ్డకూ భరణం కోరవచ్చు. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లోని 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమల్లో ఉంది. విడాకులు, పిల్లల సంరక్షణ, భరణం కేసులను ఫ్యామిలీ కోర్టులు చూస్తాయి. అవి లేనిచోట భరణం పిటిషన్ మేజిస్ట్రేటు కోర్టులో వేయాలి. భార్య ఉంటున్న ఊరి పరిధిలోనే వేయవచ్చు, భర్త ఊరికి వెళ్లక్కర్లేదు.

శుభలేఖ, పెళ్లి ఫొటోలు, పాప జనన ధ్రువపత్రం, స్కూలు ఫీజు రసీదులు, భర్త ఉద్యోగం వివరాలు సిద్ధం చేసుకోవాలి. ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులతో అఫిడవిట్ ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే భరణం లెక్కగట్టాలనీ పేర్కొంది. కేసు తేలేలోపు ఖర్చులకు మధ్యంతర భరణం అడగడం మరవొద్దు.

మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కొట్టడం, బెదిరించడం ఉంటే ఆలస్యం చేయక మహిళా హెల్ప్‌లైన్ 181కి చెప్పండి.