ఇంటి నుంచే మర్చండైజింగ్ పీజీ: డాలస్‌కి కొత్తగా వచ్చిన చెల్లెళ్ళకి

భర్త ఉద్యోగం మీద డాలస్ వచ్చిన మొదటి ఆర్నెల్లు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. పొద్దున్న తొమ్మిదింటికల్లా ఇల్లు నిశ్శబ్దమైపోతుంది. ఉన్న ఒక్క కారూ ఆఫీసు దగ్గరే ఉంటుంది. మా ఊరు పట్టిసీమలో అమ్మకి అప్పుడు రాత్రి ఏడున్నర, వంట పనిలో ఉంటుంది. ఎవరితో మాట్లాడినా చివరికి ఒకటే ప్రశ్న: "మరి నువ్వేం చేస్తున్నావమ్మా?" చేతిలో డిగ్రీ ఉండి, జవాబు లేక ఊరుకున్న రోజులవి. నేను ఇంట్లోంచే మర్చండైజింగ్‌లో మాస్టర్స్ చేశాను. ఆ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందే తెలిస్తే మేలు చేసే సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ఈ చదువులో ఏముంటుంది

మర్చండైజింగ్ అంటే బట్టలు కుట్టడమో బొమ్మలు గీయడమో అనుకుంటారు. అది ఫ్యాషన్ డిజైన్. ఏ సరుకు, ఎంత, ఏ ధరకి, ఏ వారంలో, ఏ కొట్లో పెట్టాలో తేల్చేది మర్చండైజింగ్. ఇందులో సగం లెక్క, సగం మనిషి మనసు.

మా పట్టిసీమ శివరాత్రి తీర్థంలో గాజుల మలారాన్ని గమనించినవాళ్ళకి ఇందులో మొదటి పాఠం వచ్చినట్టే. గోదావరి మధ్య కొండ మీద వీరభద్రస్వామి, ఒడ్డు నుంచి లాంచీల్లో జనం, ఒడ్డు పొడుగునా కొట్లు. గాజులమ్మే ఆవిడ రెండు-నాలుగు, రెండు-ఆరు సైజులు కట్టలు కట్టలుగా తెచ్చుకునేది. రెండు-రెండు, రెండు-పది మాత్రం నాలుగైదు డజన్లే. అన్నీ సమానంగా తెస్తే చివర్న మిగిలేవి ఎవరి చేతికీ పట్టవని ఆవిడకి తెలుసు. ఏ సైజు ఎంతమందికి కావాలో చెప్పే ఆ అంచనానే క్లాసులో సైజ్ కర్వ్ అంటారు. ఆషాఢం తగ్గింపు మార్క్‌డౌన్, శ్రావణం పెళ్ళిళ్ళకి ముందుగా సరుకు దించుకోవడం సీజన్ ప్లానింగ్. మనకి తెలియనివి ఆ పేర్లే గాని, పనులు కావు.

అన్నిటికంటే ముందు వీసా

ఈ భాగం రెండుసార్లు చదవండి. డిపెండెంట్ వీసా హెచ్-4 మీద ఉన్నవాళ్ళు చదువుకోవడానికి స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారనక్కర్లేదు. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సయినా, క్యాంపస్ కోర్సయినా చేరవచ్చు. కానీ ఆ డిగ్రీ పని చేసుకునే హక్కు ఇవ్వదు. హెచ్-4 మీద చదివితే, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ రాదు. ఉద్యోగం చెయ్యాలంటే ఈఏడీ అనే పని అనుమతి కార్డు కావాలి. 2015 మే 26 నుంచి ఆ అవకాశం ఉంది గాని అందరికీ కాదు. ముఖ్యంగా భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం వచ్చినవాళ్ళకి వర్తిస్తుంది. ఎల్-2 మీద వచ్చిన జీవిత భాగస్వాములకి 2021 నవంబరు నుంచి విడిగా ఈఏడీ లేకుండానే పని చేసుకునే వీలుంది.

ఎఫ్-1 మీద రావాలనుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక హెచ్చరిక. పూర్తి ఆన్‌లైన్ డిగ్రీకి అమెరికాలో ఉండి చదివే ఎఫ్-1 రాదు. సెమిస్టరుకి ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అంటే మూడు క్రెడిట్లు మాత్రమే పూర్తికాలపు చదువు లెక్కలోకి వస్తాయి. "ఆన్‌లైన్ అయినా ఓపీటీ వస్తుంది, మేం చూసుకుంటాం" అని నాకే ఒక ఏజెంటు ఫోన్లో చెప్పాడు. నమ్మి డబ్బు కట్టి ఉంటే రెండేళ్ళు వృథా అయ్యేవి. ఇలాంటి మాట ఎవరు చెప్పినా యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

జీతం లేని ఇంటర్న్‌షిప్ అయినా సరే, ఈఏడీ లేకుండా చేరేముందు ఇమిగ్రేషన్ లాయరుని అడగండి. చిన్న పనే కదా అనుకుంటే మీ వీసాకే తిప్పలు రావచ్చు.

యూనివర్సిటీ ఎంపిక

డాలస్ వాళ్ళకి ఇది దగ్గర సంగతి. డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో మర్చండైజింగ్, హాస్పిటాలిటీ, టూరిజాలకి ప్రత్యేకంగా ఒక కాలేజీ ఉంది. మర్చండైజింగ్ మాస్టర్స్‌ని ఆన్‌లైన్లో చదివే వీలు కల్పించిన చోటు అది. దగ్గర్లో ఉన్న క్యాంపస్‌నే ఎంచుకుంటే అవసరం పడ్డ రోజున ప్రొఫెసర్ని కలవచ్చు, లైబ్రరీకి వెళ్ళవచ్చు.

ఎక్కడ చేరినా నాలుగు ప్రశ్నలు వెయ్యండి. ఆ యూనివర్సిటీకి గుర్తింపు ఉందా? పేరున్న యూనివర్సిటీల పక్కన గుర్తింపు లేని దుకాణాలూ ఇక్కడ ఉన్నాయి. క్లాసులు మన వీలునిబట్టి చూసుకునేవా, నిర్ణీత వేళకి కూర్చోవలసినవా? థీసిస్ తప్పనిసరా, ప్రాజెక్టు చాలా? ఎన్నేళ్ళలోపు పూర్తి చెయ్యాలి? పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం.

ఆయన ఉద్యోగం రేపు అర్కన్సాలోని బెంటన్‌విల్‌కి మారితే చదువు కూడా మీతోనే వస్తుంది. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం అక్కడే, మర్చండైజింగ్ ఉద్యోగాలకి అది పెద్ద ఊరు, మన తెలుగువాళ్ళూ చాలామంది ఉన్నారు. అయితే రాష్ట్రం మారితే స్థానికుల ఫీజు రాయితీ పోవచ్చు. అది ముందే కనుక్కోండి.

సర్టిఫికెట్లు ఊళ్ళో ఉండగానే

విమానం ఎక్కకముందే చెయ్యవలసిన పని ఇది. మన మార్కుల జాబితా ఇక్కడ చాలదు. మన యూనివర్సిటీ సీలు వేసిన కవరులో పెట్టి పంపే ట్రాన్‌స్క్రిప్టు అడుగుతారు. డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి సంస్థలు దాన్ని చూసి ఇక్కడి డిగ్రీతో పోల్చి నివేదిక ఇస్తాయి.

రాజమండ్రిలో చదివిన పెద్దవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో వచ్చింది. అంతకుముందు ఉభయ గోదావరి జిల్లాల కాలేజీలు ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవి. మీ పట్టా మీద ఏ పేరుంటే అక్కడికే వెళ్ళాలి. పట్టా మీద ఆంధ్రా యూనివర్సిటీ ఉంటే రాజమండ్రిలో తిరిగి లాభం లేదు, విశాఖపట్నంలోని ఆ యూనివర్సిటీనే అడగాలి. ఇక్కడినుంచి ఫోన్ చెయ్యాలంటే ఎండాకాలంలో మనకి అర్ధరాత్రి అయితే అక్కడ పొద్దున్న పదిన్నర. నేను అలారం పెట్టుకుని లేచి చేసేదాన్ని.

నా విషయంలో జరిగిన పొరపాటు చెప్తాను. ట్రాన్‌స్క్రిప్టు కవరు మా ఇంటికి వచ్చింది. లోపల ఏముందో చూద్దామని మా చిన్నాన్న ప్రేమగానే చింపి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపించారు. సీలు ఊడిన కవరు చెల్లదు. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఫీజు, ఒక సెమిస్టరు పోయింది. అందుకే ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి: కవరు విప్పకూడదు.

మూడేళ్ళ డిగ్రీని ఇక్కడి నాలుగేళ్ళ బ్యాచిలర్స్‌తో సమానంగా కొన్ని యూనివర్సిటీలు ఒప్పుకోవు. దరఖాస్తు ఫీజు కట్టేముందే అడగండి. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ సంగతీ అప్పుడే తేల్చుకోండి.

ఫీజు, పన్ను

హెచ్-4 వాళ్ళకి అమెరికా ఫెడరల్ ప్రభుత్వ విద్యా సహాయం రాదు. స్థానికుల ఫీజుకి అర్హత ఉందేమో అడగండి. టెక్సస్‌లో నిర్ణీత కాలం నివాసం రుజువు చేసుకుంటే హెచ్-4 వాళ్ళకీ ఆ దారి ఉంది. క్రెడిట్ ధర ఒక్కటే చూడకండి. ఆన్‌లైన్ కోర్సుకి వేరే రుసుములుంటాయి, మొత్తం బిల్లు అడగండి.

పన్ను రిటర్నులో లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అనేది ఒకటుంది. కట్టిన ఫీజులో మొదటి 10,000 డాలర్ల మీద 20 శాతం, అంటే ఏడాదికి గరిష్ఠంగా 2,000 డాలర్లు పన్నులో తగ్గుతుంది. భార్యాభర్తలు కలిపి వేసే రిటర్నులో ఆదాయం 1,80,000 డాలర్లకి చేరితే ఇది ఉండదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళు ఇది తమకి వర్తిస్తుందో లేదో ముందే పన్ను సలహాదారుని అడగాలి. యూనివర్సిటీ ఇచ్చే 1098-టి కాగితం జాగ్రత్త చెయ్యండి.

చదువు ఎలా సాగుతుంది

వారం మొదట్లో పాఠం వీడియోలు పెడతారు. వారం మధ్యలో ప్రశ్నకి జవాబు రాసి, ఇద్దరు తోటి విద్యార్థుల జవాబుల మీద అభిప్రాయం చెప్పాలి. మన దగ్గర గైడులోంచి యథాతథంగా రాస్తే మార్కులు వేసేవారు. ఇక్కడ ఒక్క వాక్యం ఎత్తిరాసినా నేరం. ఎక్కడినుంచి తీసుకున్నామో చెప్పడం మొదటివారంలోనే నేర్చుకోండి.

చాలామంది తడబడేది రిటైల్ లెక్కల దగ్గర. 600కి కొన్న చీర 1,000కి అమ్మితే లాభం ఎంత శాతం? మన కొట్లో కొన్న ధర మీద లెక్కేసి 66.7 అంటారు. ఇక్కడ అమ్మిన ధర మీద లెక్కేసి 40 అంటారు. ఈ తేడా పట్టుబడితే సగం పుస్తకం అర్థమైనట్టే.

ఇంకొకటి ఓపెన్ టు బై. రాజమండ్రి తాడితోటలో ఒక బట్టల కొట్టు అనుకోండి. శ్రావణంలో 20 లక్షల అమ్మకం, 2 లక్షల తగ్గింపులు ఉంటాయని అంచనా. నెలాఖరుకి కొట్లో 40 లక్షల సరుకు ఉండాలి. మొత్తం 62 లక్షలు. నెల మొదట్లో ఉన్న సరుకు 38 లక్షలు, ఆర్డరు పెట్టి రావలసింది 9 లక్షలు, కలిపి 47. అంటే ఇంక కొనడానికి చేతిలో ఉన్నది 15 లక్షలే. ఎంత మంచి చీర కనబడినా 16వ లక్ష పెట్టకూడదు. ఈ క్రమశిక్షణే ఉద్యోగం.

నాకు బాగా నచ్చిన పాఠం క్యాలెండరు. ఇక్కడి రిటైల్ సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది. నెలల్ని నాలుగు, అయిదు, నాలుగు వారాలుగా విడదీస్తారు. అలా 52 వారాలకి 364 రోజులే అవుతాయి. ఆ ఒక్కరోజు లోటు పోగై అయిదారేళ్ళకోసారి 53వ వారం కలుపుతారు. మన పంచాంగంలో అధికమాసం కలిపేదీ ఇలాంటి లోటు పూడ్చడానికే. 2023లో రెండూ వచ్చాయి: మనకి అధిక శ్రావణం, వీళ్ళకి 53వ వారం. అధిక శ్రావణంలో ముహూర్తాలుండవు కాబట్టి పెళ్ళి చీరల కొనుగోళ్ళు వెనక్కి జరుగుతాయని క్లాసులో చెప్పాను. నిరుటి నెలతో ఈ నెల అమ్మకాలు ఊరికే పోల్చకూడదనడానికి అదే ఉదాహరణ అయింది. మీకు తెలిసినదాన్ని దాచుకోకండి.

ఇల్లు కదలాలి

చదువు ఆన్‌లైన్, సరుకు మాత్రం కొట్లోనే ఉంటుంది. వారానికోసారి ఒకే కొట్టుకి వెళ్ళి, అదే అర ముందు నిలబడండి. పోయిన వారం ఏది కళ్ళెదురుగా ఉంది, ఏది కిందికి దిగింది, ఎర్ర చీటీ దేనిమీద పడింది, పుస్తకంలో రాసుకోండి. ఇర్వింగ్‌లో మన సరుకుల కొట్లో ఆవకాయ సీసాలు ఏ వరసలో ఉన్నాయో చూసినా పాఠమే.

ప్లేనోలో జేసీ పెన్నీ, ఇర్వింగ్‌లో సెవెన్-ఇలెవెన్, మైకేల్స్ ప్రధాన కార్యాలయాలు ఉన్నాయి. ఆ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు గుడిలోనో, ఇక్కడి తెలుగు సంఘం టాంటెక్స్ కార్యక్రమాల్లోనో కలుస్తారు. సిగ్గుపడకుండా పలకరించండి. ఉద్యోగం అడగకండి, వాళ్ళ పని ఎలా ఉంటుందో పావుగంట చెప్పమనండి. ఈఏడీ చేతికొచ్చిన రోజున ఆ పరిచయాలే అక్కరకొస్తాయి.

ఇంత శ్రమ ఎందుకంటే

మా అమ్మమ్మది నరసాపురం వైపు. మధ్యాహ్నం పని అయ్యాక అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకి నేర్పిన అల్లిక అది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఆ లేసు ఆడవాళ్ళ మీద పుస్తకమే రాసింది: ప్రపంచ మార్కెట్ కోసం పనిచేస్తూ, తమను తాము ఖాళీగా ఇంట్లో ఉన్న గృహిణులమనే అనుకున్నారని. మా అమ్మమ్మా అంతే. ఎవరైనా అడిగితే "ఊరికే కూర్చున్నానమ్మా" అనేది, సూది ఆడిస్తూనే. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మన వైపు చేసే చేతులు చాలా ఉన్నాయి. ఉప్పాడలో, బండారులంకలో, మంగళగిరిలో మగ్గాలు ఆడుతున్నాయి. ఆ సరుకు ఏ దేశంలో ఏ అర మీదికి, ఏ ధరకి వెళ్ళాలో తేల్చే బల్ల దగ్గర మాత్రం మన ఆడవాళ్ళు తక్కువ. ఆ బల్ల దగ్గరికి చేర్చే చదువు ఇది. ఈ వారం మీ వీసా కాగితం తీసి తేదీలు చూసుకోండి, ట్రాన్‌స్క్రిప్టుకి దరఖాస్తు పెట్టించండి, ఒక కొట్టుకి పుస్తకం పట్టుకుని వెళ్ళండి. అమ్మ ఫోన్లో "ఏం చేస్తున్నావమ్మా" అని అడిగితే, ఊరికే కూర్చున్నానని మాత్రం చెప్పకండి.